టైర్ల పెద్దమ్మ ఎక్కిన ట్రైలర్

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసింది. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, షాపు షట్టర్ ఎత్తబోతూ అక్కడే కూలబడిందట. నేను ఉరికేసరికే అంతా అయిపోయింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. మా ఆయన ఆ సమయానికి సిమెంటు లోడుతో ఉట్నూరు ఘాట్ రోడ్డు మీద మా ట్రైలర్ నడుపుతూ ఉంటాడు. ఫోను చేతిలోనే ఉంది, నొక్కలేదు. "ఘాట్ మీదున్నోనికి ఫోన్ చేసేటోళ్లు వాని మంచి కోరేటోళ్లు కాదు బిడ్డా" అని నాకు చెప్పింది ఆ పెద్దమ్మే. ఆయనంతట ఆయన ఘాట్ దిగి, చాయ్ హోటల్ దగ్గర ఆగి చేసేదాకా ఆమె తల పక్కన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పోయాక కూడా నన్ను అట్లా కూర్చోబెట్టింది, మహాతల్లి.

మాది నస్పూర్. మా గోడకు ఆనుకుని రోడ్డు మీదే ఆమె టైర్ల షాపు. భర్త పోయిన తర్వాత ఇద్దరు పనివాళ్లను పెట్టుకుని తనే నడుపుకుంది. మాకు చుట్టం కాదు గానీ వాడకట్టు మొత్తానికీ పెద్దమ్మే. షాపుకు వచ్చినవాళ్లు ఎవరైనా టైరు మీద కూర్చుంటే ఊరుకునేది కాదు. "లే, లే! బువ్వ పెట్టేదాని మీద కూసుంటవా?" అని లేపేది. వచ్చిన ప్రతి టైరునూ అరచేత్తో చుట్టూ నిమిరి చూసేది. ఏ సబ్బుతో కడిగినా ఆ చేతుల నలుపు పోయేది కాదు. మా పాపకు మొదటి స్నానం చేయించింది ఆ చేతులే. మా అత్త మొహం చిట్లిస్తే, "నల్లగుంటే ఏంది, గట్టిగ పట్టుకుంటయి" అంది.

మా ట్రైలర్ పాతది, ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు పోవాల్సిందే. బ్రేకులు, లైట్లు, వెనక అంటించే మెరుపు పట్టీలు, టైర్లు, అన్నీ చూసి ఏడాదికి కాగితం ఇస్తారు. ఆ కాగితం కోసం మా దగ్గర ఒక దొంగ ఆచారం ఉండేది. టైర్లు అరిగిపోయినవాళ్లు ఆ ఒక్క రోజుకు మంచి టైర్లు కిరాయికి తెచ్చి బిగించుకునేవాళ్లు. పాసై వచ్చాక అవి విప్పి ఇచ్చేసి, మళ్లీ పాతవే వేసుకుని లోడుకు పోయేవాళ్లు. పెద్దమ్మ షాపులో అన్నిటికంటే బాగా నడిచే బేరం అదే. "పెండ్లిచూపులకు పక్కింటోళ్ల గొలుసు ఏసుకపోయినట్టున్నది మీ కథ" అని ఎక్కిరించేదీ ఆమే, బిగించి పంపేదీ ఆమే.

మా పాప చంటిదిగా ఉన్న ఏడు మేమూ నాలుగు టైర్లు కిరాయికి తీసుకున్నాం. కొత్తవి కొనే తాహతు అప్పుడు లేదు. బండి పాసైంది. మర్నాడు పొద్దున మా ఆయన సిమెంటు ఎత్తుకుని షాపు ముందుకు తెచ్చాడు. పాతవి వేసుకుని అటునుంచి అటే ఆదిలాబాద్ పోవాలి. పొద్దు గూకితే అడవి దారిలోకి లోడు బండ్లను వదలరని ఒకటే తొందర. మరోపక్క ఇంకో ట్రైలర్ ఓనర్ మనిషి ఆ మంచి టైర్ల కోసం వచ్చి కూర్చున్నాడు.

పనివాళ్లు పాతవి బిగిస్తున్నారు. పెద్దమ్మ అలవాటుగా ఒక్కొక్కదాన్నీ నిమురుతూ వచ్చి, ఒకదాని దగ్గర చేయి చటుక్కున వెనక్కి తీసుకుంది. రబ్బరు చీలి, లోపలి తీగ బయటికి పొడుచుకొచ్చింది. అరచేతిలో నెత్తురు. చీర కొంగుతో అదిమి పట్టుకుని మా ఆయన వైపు చూసింది.

"ఇయ్యాల పోకు కొడుకా."

"రెండేండ్ల సంది గివ్విటితోనే తిరుగుతాన పెద్దమ్మా. ఏం గాలే. ఫికర్ చేయకు."

"మంచిగున్నయంటవా?"

"మంచిగనే ఉన్నయ్!"

"అయితే నేను సుత వస్త. ఆదిలాబాద్‌ల మా చెల్లె ఉన్నది, సూసి శాన రోజులాయె."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి, చేతికి గుడ్డ చుట్టుకుని, జొన్నరొట్టెల మూట పట్టుకొచ్చి, తను వచ్చేదాకా విప్పిన మంచి టైర్లు ఎవరికీ ఇవ్వొద్దని పనివాళ్లకు చెప్పి, క్యాబిన్ ఎడమ తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది. ఆ వయసులో ఆ ఎత్తు ఎట్లా ఎక్కిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"దించవే ఆమెను!" అని మా ఆయన నా మీద అరిచాడు.

దించుదామనే ఎక్కాను. పెద్దమ్మ నా చేయి పట్టుకుని, గడపలో మా అత్త చంకలో ఉన్న పాపను చూపించింది. "నీ మొగడు ఒక్కడు పోతే రేపు దానికి నేనేం జెప్పాలె?" అంది మెల్లగా. దిగలేదు. ఆమె పక్కన కూర్చుండిపోయాను. మా ఆయన పట్టుదల మనిషి. "పోదాం పాండ్రి, నాకేంది!" అని బండి స్టార్ట్ చేశాడు.

లక్షెట్టిపేట దాటాం. ఆ తర్వాత వెనక నుంచి చప్పుడు మొదలైంది. దబ్, దబ్, దబ్. చక్రం తిరిగినప్పుడల్లా ఒకటి. స్పీడు పెంచితే దగ్గరదగ్గరగా, తగ్గిస్తే దూరం దూరంగా. ఆ చప్పుడు రోజూ ఉండేదే కావచ్చు, నేను వినడం అదే మొదలు. ఎదురుగా బైకు మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో పసిపిల్ల. వాళ్లు మమ్మల్ని దాటిపోయేదాకా నేను ఊపిరి తీయలేదు. ఒక స్కూలు ఆటో వచ్చింది. మా ఆయన స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు తెల్లబడ్డాయి. ఏసీ లేని బండిలో ఎండకు చెమట పట్టడం మామూలే, కానీ ఆయన మెడ మీద పట్టింది ఎండ చెమట కాదు. కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా?

పెద్దమ్మ మాత్రం ఒక్క సుద్దీ చెప్పలేదు. జన్నారం వచ్చింది. ముందు అడవి, ఆ తర్వాత ఘాట్. ఆమె మూట విప్పి, రొట్టె మీద ఇంత కారం వేసి, నాకొకటి ఇచ్చి, ఒకటి ఆయన ముందుకు చాపింది.

"తిను కొడుకా, పొద్దటిసంది ఏం తినలే."

"ఇప్పుడొద్దు."

"గింతంత తిను. ఒక్క చేత్తోని తినుకుంట శానపార్లు నడుపుతవు గద."

"ఒద్దంటే ఒద్దు పెద్దమ్మా, సతాయించకు!"

ఆమె ఆ రొట్టెను అట్లాగే పట్టుకుని ఆయన మొహం వైపు తిరిగింది. "టైర్లు మంచిగున్నయంటివి. మరి రొట్టె ఎందుకు దిగుతలేదురా?"

అడవి చెక్‌పోస్టు కనిపిస్తుండగా ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. దిగి వెనక్కి పోయాడు. అద్దంలో చూస్తే టైరు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చానాసేపటికి వచ్చి ఎక్కి, మా ఇద్దరి వైపూ చూడకుండా, "ఎనుకకు తిప్పుతాన" అన్నాడు. నాకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దమ్మ నా వీపు మీద చేయి వేసి, "ఏడువకు, రొట్టె తిను" అంది.

ఒక్కో గుంతకు ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ, సైకిల్ కంటే కొంచెం ఎక్కువ వేగంతో ఇల్లు చేరాం. పెద్దమ్మ ఆ చీలిన టైరును విప్పించి, లోపల ఎట్లా ఉందో చూడబోయిన మా ఆయనను చేయి అడ్డం పెట్టి ఆపింది. "సూడకు. సూస్తే నీకు నిద్ర పట్టది." తనే దొర్లించుకుంటూ షాపు వెనక్కి తీసుకుపోయింది. మంచి టైర్లు మళ్లీ మా బండికే బిగించి, ఇక విప్పలేదు. "కాయితం ఏడాదికి, టైర్లు ఒక్క దినానికా? ఉండనీ. ముందు పానం, లెక్క తర్వాత."

ఆ టైర్ల కోసం పొద్దటి నుంచీ కూర్చున్న మనిషి ఊరుకుంటాడా? రోడ్డు మీద నిలబడి నానా మాటలూ అన్నాడు. మాటిచ్చి తప్పినవ్, మా బండి ఆగిపోయిందని ఒకటే లొల్లి. ఆమె మొత్తం విని, "మీ ఓనర్‌ను తోలుకరా. ఫిట్‌నెస్ అయినంక పాత టైర్ల మీద నా పక్కన కూసోని ఘాట్ ఎక్కుమను. గప్పుడు ఇస్త" అంది. ఆ ఓనర్ రాలేదు. మళ్లీ కిరాయి బేరానికి ఎవరూ రాలేదు. కొన్నాళ్లు షాపు బోసిపోయింది. అయినా ఒక్కనాడూ నా ముందు ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు డ్రైవర్ల ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఉప్పుకో పప్పుకో వచ్చినట్టు వచ్చి, "పెద్దమ్మా, మా ఆయన బండిని జర ఒక్కపారి నిమిరి సూడవా" అని అడిగేవాళ్లు. చెప్పులేసుకుని వెంట పోయేది.

మాకు సొంత టైర్లు వచ్చి చాలా కాలమైంది. ఆమె దినాలు అయిన మర్నాడే మా బండికి ఫిట్‌నెస్. పొద్దున జొన్నరొట్టెలు కట్టి బండి దగ్గరికి తీసుకెళ్లేసరికి మా ఆయన ఒక్కొక్క టైరునూ అరచేత్తో నిమురుతున్నాడు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి కిందికి దిగి, చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చి, ఎడమ తలుపు తెరిచాడు. షాపు షట్టర్ మూసే ఉంది. తెరిచిన తలుపును నల్లబడ్డ చేత్తో పట్టుకుని, ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు అట్లాగే నిలబడ్డాడు.