ఒకే లేన్‌లో నడిచిన గ్రాఫిక్స్ కార్డు

అది 2025వ సంవత్సరం, వర్షాలు మొదలైన నెల. పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో, ఇరుకు మెట్లెక్కి చేరవలసిన ఒక గదిలో నా కంప్యూటర్ మరమ్మతు దుకాణం ఉంది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పూర్తిచేసి పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఈ ద్వీపాల్లో మా వృత్తికి ఒక ప్రత్యేకత ఉంది. విడిభాగం పాడైతే మర్నాటికి మరొకటి దొరకదు. విశాఖపట్నం నుంచో చెన్నై నుంచో ఓడలో రావాలి. అందుచేత ఇక్కడి టెక్నీషియన్ దేన్నీ తొందరపడి "పోయింది" అనకూడదు.

ఒక మధ్యాహ్నం బ్రూక్షాబాద్ నుంచి హేమలత అనే అమ్మాయి వచ్చింది. వయసు ఇరవై నాలుగు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేస్తుంది. ఒక భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో నైలాన్ తాడుతో కట్టిన అట్టపెట్టె. పెట్టెలో తువ్వాలు చుట్టిన డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు ఉంది. తెరమీది బొమ్మలను గీసే పని ఈ కార్డుది. రెండు ఫ్యాన్లు, దాదాపు కిలో బరువు. విశాఖలో ఉన్న పెద్దనాన్న కొడుకు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని ఆమెకు ఓడలో పంపాడట.

"భయ్యా, దీన్ని నా ల్యాప్‌టాప్‌కి తగిలించాలి. అవుతాదా అవదా, సీదా చెప్పెయ్."

"అవుతుంది. కానీ లోపల పట్టదు. బయటే ఉండాలి."

"బయటుంటే ఏటి? ఇంట్లో ఒగ్గేసి నేను మాయాబందర్ డ్యూటీకి పోతాను. లోపలుంటే ఆ బరువు కూడా మోయాల్సొచ్చేది."

ఆ తర్కంలో తప్పు లేదు. ఉద్యోగరీత్యా నెలకు ఒక వారం ల్యాప్‌టాప్ ఆమె వెంట ఉండాలి. మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గర ఆటకు తగిన శక్తి ఉంటే చాలు. అయిదుగురు సభ్యుల ఆన్‌లైన్ షూటింగ్ జట్టు ఒకటి ఆమెను తీసుకోవడానికి ఒప్పుకుంది. మిగిలిన నలుగురూ మెయిన్‌లాండ్ వాళ్లు. కెప్టెన్ ఒక షరతు పెట్టాడు. నిర్ణయించిన ఆదివారం సాయంత్రం నాలుగింటికి ట్రయల్ ఆడాలి, తెర అతనికి కనిపిస్తూ ఉండాలి, ఫ్రేమ్‌రేటు అరవైకి తగ్గకూడదు. తగ్గితే ఆ స్థానం మరొకరిది. ఫ్రేమ్‌రేటు అంటే సెకనుకు తెరమీద గీసే చిత్రాల సంఖ్య. ఆమె ల్యాప్‌టాప్ ఒంటరిగా నలభై దాటడం లేదు.

"నేను గురి పెట్టేలోపల ఎదుటోడు నన్ను కాల్చేసి, ఛాయ్ తాగేసి పోతన్నాడు భయ్యా," అని నవ్వింది. ఆ తరువాత నవ్వు తగ్గింది. "ఇన్నాళ్లూ అండమాన్ అనగానే, నీకు నెట్ ఉంటాదా, కరెంటు ఉంటాదా అని తీసేసేవోళ్లు. వీళ్లు ఒక్కళ్లే ఛాన్స్ ఇచ్చారు."

ఆమె ల్యాప్‌టాప్‌లో రెండు ఎం.2 స్లాట్లు ఉన్నాయి. ఎం.2 అంటే డేటా నిల్వచేసే ఎస్.ఎస్.డి. అమర్చే సన్నని గాడి. ఒకటి ఖాళీగా ఉంది. ఆ గాడికి ప్రాసెసర్ నుంచి నేరుగా నాలుగు లేన్లు, అంటే డేటా ప్రయాణించే నాలుగు దారులు వస్తాయి. ఖాళీ గాడిలో ఒక అడాప్టర్ పెట్టి, దాని నుంచి ఆక్యులింక్ అనే కేబుల్‌ను బయటికి తీసి, కేబుల్ రెండో చివర డాక్ బోర్డుకు కలపాలి. కార్డు ఆ బోర్డు మీద నిలబడుతుంది. దానికి కరెంటు వేరే పవర్ సప్లై ఇస్తుంది. డెస్క్‌టాప్‌లో ఈ కార్డుకు పదహారు లేన్లు దొరుకుతాయి, ఇక్కడ నాలుగే. అయినా ఈ ఆటకు ఆ నష్టం స్వల్పం.

డాక్ బోర్డూ కేబులూ ఓడలో రావడానికి పదహారు రోజులు పట్టింది. ల్యాప్‌టాప్ అడుగు మూతకు కేబుల్ మందం మేరకు గాడి కోసి, అంచులను నునుపు చేసి, మొత్తం అమరికను నా బల్ల మీద మూడు రోజులు నడిపాను. నాలుగు లేన్లూ పనిచేశాయి. ఫ్రేమ్‌రేటు నూటపది దగ్గర నిలకడగా ఉంది.

ట్రయల్‌కు ఆరు రోజుల ముందు, సోమవారం సాయంత్రం, వాళ్లింట్లో అమర్చి వచ్చాను. హేమ తండ్రి సింహాచలం గారిని చూడడం అదే మొదటిసారి. ఫెర్రీ బోటులో ఇంజిన్ డ్రైవరు. వాళ్ల కుటుంబం భీమునిపట్నం వైపు నుంచి రెండు తరాల క్రితం వచ్చింది. నేను స్క్రూలు బిగిస్తుంటే ఆయన పక్కనే కూర్చుని, ఏ స్క్రూ ఎక్కడిదో గమనిస్తూ ఉన్నారు.

వెళ్లే ముందు ఇద్దరికీ మూడు జాగ్రత్తలు చెప్పాను. మొదట కార్డు పవర్ సప్లై, తరువాతే ల్యాప్‌టాప్ ఆన్ చేయాలి. నడుస్తుండగా కేబుల్ పీకకూడదు. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టకూడదు. బల్ల కిటికీ పక్కనే ఉండడం చూసి, మెట్లు దిగుతూ మరో మాట అన్నాను: "ఉప్పు గాలి దీనికి శత్రువండీ. కాంటాక్టుల మీద ఉప్పు చేరకుండా చూసుకోండి."

"ఉప్పు సంగతి మాకు సెప్పాలా బాబూ!" అన్నారు సింహాచలం గారు.

ఆదివారం ఉదయం పది గంటలకు హేమ ఫోన్ చేసింది.

"భయ్యా, మళ్లీ నలభై. గురువారం దాకా మక్ఖన్‌లా నడిచింది. శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చి ఆన్ చేస్తే ఇదీ కత. నిన్నంతా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశా, సెట్టింగులన్నీ తిప్పేశా. కుఛ్ నహీ హువా. నాలుగింటికి ట్రయల్."

స్కూటరు మీద పదకొండుకల్లా చేరాను. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కార్డు ఒకే లేన్ మీద నడుస్తోంది. యంత్రం ఆన్ అయిన క్షణంలో ల్యాప్‌టాప్, కార్డు ఒకదాన్నొకటి పలకరించుకుని, బాగున్న లేన్లను మాత్రమే వాడాలని నిర్ణయించుకుంటాయి. నాలుగింటిలో మూడు ఎక్కడో తెగుతున్నాయన్నమాట.

క్రమపద్ధతిలో వెళ్లాను. మీటరు పెట్టి చూస్తే పవర్ సప్లై పన్నెండు వోల్టుల లైను సరిగ్గా ఉంది. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉంది. అడాప్టర్‌ను తీసి మళ్లీ కూర్చోబెట్టాను. నా వెంట తెచ్చిన కేబుల్‌తో పాత కేబుల్‌ను మార్చాను. ప్రతి మార్పు తరువాత మళ్లీ ఆన్ చేసి చూశాను. ప్రతిసారీ ఒకే లేన్. కార్డును మాత్రం బోర్డు నుంచి తీయలేదు. దాన్ని కూర్చోబెట్టినది నేను. స్క్రూ నేను వదిలిన కోణంలోనే ఉంది. నా చేతి పనిని నేను అనుమానించలేదు.

పన్నెండున్నర అయింది. మిగిలింది డాక్ బోర్డు ఒక్కటే అని తేల్చుకున్నాను.

"బోర్డు పోయింది హేమా. మరొకటి తెప్పించాలి."

"ఎన్నాళ్లు?"

"ఓడను బట్టి. పదిహేను రోజులనుకో."

ఆమె ఫోన్ తీసి టైప్ చేయడం మొదలుపెట్టింది.

"ఏటి రాస్తన్నావమ్మా?" అన్నారు తండ్రి.

"నా బదులు వేరేవోళ్లని తీసుకోమని. నాలుగింటికి చెప్పేకంటే ఇప్పుడే చెప్పేస్తే వాళ్లకైనా టైముంటాది కదా నాన్నా."

అంతవరకూ గుమ్మానికి ఆనుకుని నిలబడిన సింహాచలం గారు రెండడుగుల్లో వచ్చి ఆమె ఫోన్ మీద చేయి పెట్టారు.

"ఆగు. పంపకు." తరువాత నా వైపు తిరిగారు. "బాబూ, ఒక మాట. బోటులో బ్యాటరీ టెర్మినళ్లకి మేం జెల్లీ రాస్తాం. ఉప్పు అంటుకోదు. శుక్రవారం నాకు సెలవు. ఆ కార్డు ఇప్పి, కింద పసుప్పచ్చ పళ్లున్నాయి గదా, వాటికీ రాసీసి మళ్లా బిగించీసాను."

"నాన్నా!" హేమ కుర్చీలోంచి లేచింది. "పాగల్ అయ్యావా? ఇది బోటా?"

"బోటుకే అంత సేసినోణ్ని, నీ దానికి సేయనా?"

ఆయన నాతో మెల్లగా అన్నారు: "మంచే సేసాననుకున్నాను బాబూ. నువ్వు మీటరు పెట్టి ఒక్కోటీ సూస్తంటే, నేను రాసింది అడ్డమని తట్టలేదు. బోర్డు పోయింది అన్నావు సూడు, అప్పుడు తట్టింది."

స్క్రూ విప్పి కార్డు తీశాను. బంగారు పూత ఉన్న కాంటాక్టుల మీద పెట్రోలియం జెల్లీ సన్నగా, సమానంగా ఉంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. స్క్రూ కూడా నా బిగింపుకు సరిగ్గా సమానంగా బిగించారు. అందుకే నాకు ఆనవాలు దొరకలేదు. బ్యాటరీ టెర్మినల్ పెద్దది. గట్టిగా బిగిస్తే జెల్లీ పక్కకు జరిగి లోహానికి లోహం తగులుతుంది. పైన మిగిలిన జెల్లీ ఉప్పును ఆపుతుంది. ఇక్కడ ఒక్కో కాంటాక్టు వెడల్పు మిల్లీమీటరు కూడా లేదు, స్లాటులోని స్ప్రింగు ఒత్తిడి తక్కువ. పైగా ఆయన గుడ్డతో రాశారు. భూతద్దంలో చూస్తే జెల్లీలో నూలు పోగులు కనిపించాయి. జెల్లీతో పాటు అవి స్లాటులోకి దిగి, స్ప్రింగులకూ కాంటాక్టులకూ మధ్య చిక్కుకున్నాయి.

నా సంచిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సగం సీసా ఉంది. ఎలక్ట్రానిక్స్ శుభ్రం చేయడానికి వాడే, త్వరగా ఆవిరయ్యే ద్రవం అది. కార్డు కాంటాక్టులను దానితో నాలుగుసార్లు తుడిచాను. స్లాటులోకి కొంచెం పోసి, బ్రష్‌తో కదిలించి, ఫ్యాను కింద ఆరబెట్టి ఆన్ చేశాను. రెండు లేన్లు వచ్చాయి. సీసా ఖాళీ అయింది.

"దో సే నహీ చలేగా భయ్యా, రెండు చాలవు," అంది హేమ. చూపు గోడ గడియారం మీదే ఉంది. ఒంటిగంటా నలభై.

"స్లాటు లోతుల్లో ఇంకా ఉంది. దాన్ని కడిగేది కావాలి. ఆదివారం ఏ దుకాణంలో దొరుకుతుంది?"

సింహాచలం గారు లోపలికి వెళ్లి తన పనిముట్ల పెట్టెలోంచి ఒక స్ప్రే డబ్బా, సన్నని నైలాన్ బ్రష్ తెచ్చారు. ఓడల ఎలక్ట్రికల్ ప్యానెళ్లకు కొట్టే కాంటాక్ట్ క్లీనరు అది. లేబుల్ పూర్తిగా చదివాను. ప్లాస్టిక్‌కు హాని లేదు, అవశేషం మిగలదు, కరెంటు తీసేసి వాడాలి.

"రాసేదీ మా దగ్గరే ఉంటాది, తీసేదీ మా దగ్గరే ఉంటాది," అన్నారు. ముఖంలో అప్పటికి కొంచెం రంగు వచ్చింది.

పవర్ సప్లై ప్లగ్గు పీకి, బోర్డును ఏటవాలుగా పట్టుకున్నాను. నేను స్ప్రే కొడుతుంటే ఆయన టార్చి నోట కరుచుకుని, బోటు ఇంజిన్ ఇంజెక్టర్లు శుభ్రం చేసే ఆ బ్రష్‌తో ఒక్కో స్ప్రింగు వరుసనూ ఒకే దిశలో తోశారు. ముందుకీ వెనక్కీ రుద్దితే పోగు మళ్లీ లోపలికే పోతుందని ఆయనకు నేను చెప్పనక్కరలేకపోయింది. ఏడెనిమిది పోగులు బయటికి వచ్చాయి. హేమ టేబుల్ ఫ్యాను బోర్డు వైపు తిప్పి, ముప్పావుగంట దాని ముందే కూర్చుంది.

మూడూ ఇరవైకి కార్డును మళ్లీ అమర్చాం. మొదట పవర్ సప్లై, తరువాత ల్యాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ తెరిచాను. నాలుగు లేన్లు.

"పక్కా?" అంది హేమ.

"పక్కా. ఆట పెట్టు."

నూటఎనిమిది, నూటపన్నెండు. హేమ ఫోన్ తీసి, పంపకుండా ఉండిపోయిన సందేశాన్ని చెరిపేసింది. తరువాత తండ్రి వైపు చూడకుండానే, "ఛాయ్ పెట్టవా నాన్నా, ఆట మొదలయ్యేలోపల తాగేస్తా," అంది. ఆయన గబగబా వంటింట్లోకి వెళ్లారు.

ట్రయల్ ముగిసేవరకూ ఉన్నాను. ఆట నాకు అర్థం కాదు. తెర మూలన ఉన్న అంకెనే చూస్తూ కూర్చున్నాను. అది తొంభై నాలుగుకు తగ్గలేదు. అయిదింటికి కెప్టెన్ గొంతు హెడ్‌ఫోన్ బయటికి వినిపించింది: "ఠీక్ హై హేమా, టీమ్ మే హో." జట్టులో చోటు దొరికిందన్న ఆ మాటకు సింహాచలం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు, నాలుగింటి నుంచీ ఆయన నిలబడే ఉన్నారని నేను అప్పుడే గమనించాను. హేమ చేరాక ఆడిన మొదటి పోటీలో వాళ్ల జట్టు రెండో రౌండులో ఓడిపోయిందని తరువాత తెలిసింది. హేమ మాత్రం ఇప్పటికీ ఆ జట్టులోనే ఉంది.

ఈ కేసులో తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే, నేను సింహాచలం గారి పేరు చెప్పను. ఉప్పు నుంచి కాపాడమన్నది నేను. ఎలా కాపాడాలో చెప్పకుండా మెట్లు దిగిపోయినదీ నేనే. మనం జాగ్రత్త అని చెప్పి వదిలేసిన చోట, వినేవారు తమ వృత్తి నేర్పిన జాగ్రత్తను వాడతారు. ముప్పై ఏళ్లు సముద్రం మీద పనిచేసిన మనిషి చేతికి జెల్లీ డబ్బా అందడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు ఏ యంత్రాన్ని అప్పగించినా రెండు పనులు తప్పకుండా చేస్తాను. జాగ్రత్త చెప్పాక, "మరి మీరు ఏం చేస్తారు?" అని అడిగి జవాబు పూర్తిగా వింటాను. తిరిగి పిలుపు వస్తే, మీటరు తీసే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, నేను వెళ్లాక దీనికి ఎవరు ఏం చేశారో అడుగుతాను. నింద లేని గొంతుతో అడిగితే మనుషులు చెబుతారు. ఆ రోజు పదకొండు గంటలకే ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఒక తండ్రి గంటన్నరసేపు గుమ్మం దగ్గర చూస్తూ నిలబడవలసిన అవసరం ఉండేది కాదు.