ఉల్టా తిరుగుడు

భర్త మదన్‌మోహన్ పోయిన నాటి నుంచి అనంతమ్మ జహీరాబాద్‌లోని ఆ సర్కిల్ మొహం చూడలేదు. కూరగాయలకు కూడా సందుల వెంట చుట్టు తిరిగి పోయేది. ఆయన్ని లారీవాడు పొట్టన పెట్టుకున్నాడని చుట్టాలు అనేవారు. నిజం ఆమెకు తెలుసు. సర్కిల్‌లో కుడివైపు రోడ్డుకు పోవాలంటే మధ్యలోని గుండ్రం దిమ్మె చుట్టూ ఎడమ నుంచి తిరిగి పోవాలి. ఆయన మాత్రం "గింత దానికి గంత తిరుగుడా?" అంటూ ఎప్పుడూ అడ్డంగా కుడికే కొట్టేవాడు. ఆ రోజూ అంతే. ఎదురుగా లారీ వచ్చింది.

ఇప్పుడు కూతురు నవతకు బట్టల దుకాణంలో పని దొరికింది. దారి ఆ సర్కిల్ మీదుగానే. మొదటి రోజు అనంతమ్మ కొంగు బిగించి స్కూటీ వెనక కూర్చుంది.

సర్కిల్ దగ్గర నవత బండి ఆపింది. పోవలసింది కుడికి. వెనక నుంచి ఝరాసంగం ఊరికి ఆటో నడిపే జబ్బార్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"అరే బేటీ, ఇక్కడనే ఇల్లు కట్టుకుంటవా? కుడికి కొట్టు! అందరు గట్లనే పోతున్నరు."

నవత హ్యాండిల్ కుడికి తిప్పింది. తల్లి చేయి ఆమె భుజం మీద బిగిసింది.

"ఆగు. గుడి చుట్టు ఎట్ల తిరుగుతవ్?"

"ఇప్పుడు గుడి ముచ్చటేందమ్మా? దేవుడు కుడిచేతి పక్క ఉండేటట్టు."

"మరి ఉల్టా ఎప్పుడు తిరుగుతం?"

కొడుకులు లేని ఇంట్లో, భుజాన కుండ పెట్టుకొని తండ్రి చితిని ఎడమచేతి పక్క ఉంచుకొని ఉల్టా తిరిగింది నవతే.

హ్యాండిల్ మెల్లగా ఎడమకు మళ్లింది.

"లోపల తిరిగేటోళ్లను ముందుగాల పోనియ్యి," అంది అనంతమ్మ. వెనక్కి తిరిగి, "జబ్బార్ భాయ్, అంత జల్ది ఉంటే మా మీదికెల్లి పో."

"తోబా తోబా!" జబ్బార్ హారన్ మీద నుంచి చేయి తీశాడు.

బండ్ల మధ్య ఎడం దొరికింది. గుండ్రాన్ని కుడిచేతి పక్క ఉంచుకొని తిరిగి, ఎడమ లైటు వేసి, నవత తన రోడ్డు పట్టింది.

దుకాణం ముందు అనంతమ్మ దిగింది.

"రేపటికెల్లి నేనొక్కదాన్నే వస్తనమ్మా. ఫికర్ చెయ్యకు."

"ఎట్ల తిరుగుతవ్?"

"నాయిన కుడిచేతి పక్క ఉండేటట్టు."

ఆ రోజు అనంతమ్మ కూరగాయలకు సందుల్లోకి మళ్లలేదు. సర్కిల్ అంచు వెంటే నడిచి, తెల్లగీతల దగ్గర నిలబడి, వచ్చే బండ్లు ఆగేదాకా చూసి, రోడ్డు దాటింది.