పునుగుల పెనంలో సీసం

చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, అరబ్బు దేశంలో ఫహాహీల్ ఊళ్లో అక్కాబావల ఫ్లాట్‌లో ఒక గది, శుక్రవారం సెలవు. ఈ మూడూ ఉన్న కుర్రాడు లోకానికి చేయగల హాని తక్కువేమీ కాదు.

బావకు గాలం పిచ్చి. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం సముద్రపు ఒడ్డుకు వెళ్లి, ఎండలో మాడి, ఖాళీ సంచితో తిరిగొచ్చేవాళ్లం. (పూర్తిగా ఖాళీ అనకూడదు, అందులో మా టిఫిన్ గిన్నె ఉండేది.) గాలపు దారానికి బరువు కోసం కట్టే సీసపు గుండ్లు కొట్లో గుండ్రంగా దొరికేవి. అవి అలకు దొర్లి రాళ్ల సందుల్లో ఇరుక్కునేవి, లాగితే దారం తెగేది. చివరకు ఒక గురువారం అక్క తేల్చేసింది. "ఏవండీ, రేపు కూడా చేప రాకపోతే ఖలాస్. ఆ గాలాలు సంతలో అమ్మేస్తా. ఫ్రిజ్‌లో మీ ఎర రొయ్యల కంపు ఇక నావల్ల కాదు."

ఆ మాట అనేసి ఆవిడ బజారుకు వెళ్లింది. బావ ముఖం చూడలేకపోయాను. "దొర్లని గుండ్లు మనమే పోసుకుందాం బావా. కాలేజీలో పోత పని నేర్చుకున్నాను," అన్నాను. (నేర్చుకున్న మాట నిజమే. నేను పోసింది చూసి మాస్టారు "ఏమిటి నాయనా ఇది?" అని అడిగిన సంగతి చెప్పలేదు.) కింద పంక్చర్ షాపువాణ్ణి, చక్రాల తూకం సరిచేయడానికి కొట్టే పాత సీసపు ముక్కలు అడిగితే, "లేజావో భాయ్, కచ్రా హై" అని, చెత్త వదిలినట్టు ఒక డబ్బా నిండా ఇచ్చాడు. వాటిని బాల్కనీలో గ్యాస్ పొయ్యి మీద పాత పాలడబ్బాలో కరిగించాం. పైకి తేలిన మడ్డి తీసేసరికి సీసం అద్దంలా మెరిసింది. బావ దూరం నుంచే అందులో చూసి మీసం సర్దుకున్నాడు.

చిక్కంతా అచ్చు దగ్గరే వచ్చింది. సముద్రపు ఇసుకతో అచ్చు చేశాను. ఇసుక తడిగా ఉంది. సీసం పోయగానే టపటపా పేలి బాల్కనీ కప్పుకు అంటుకుంది. అదృష్టం బాగుండి మా మీద పడలేదు.

"ఏవోయ్ ఇంజనీరూ, మీ అక్కకు ఏం చెబుదాం? చుక్కలు పొడిచాయందామా?" అన్నాడు బావ.

అప్పుడే ఆయన చూపు వంటింటి గోడకున్న గుంటపునుగుల పెనం మీద పడింది. అది అమ్మ వాడిన ఇనప పెనం. విజయవాడ నుంచి విమానంలో అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. అందులో పోసిన గుండు ఒకవైపు బల్లపరుపుగా వస్తుంది, దొర్లమన్నా దొర్లదు. "కడిగేస్తే పోతుందిలే," అన్నాడు బావ. ఆయన అకౌంటెంటు, కాబట్టి అలా అనుకోవడం సహజం. తల ఊపింది మాత్రం ఇంజనీరు.

అక్క వచ్చేసరికి పేపరు మీద వెండి పునుగులు చల్లారుతున్నాయి, ఒక్కోదానికి దారం కట్టుకునేందుకు ఒక తీగ చెవితో సహా. "అబ్బో! చట్నీ కూడా చేశారా?" అంటూ చేయి చాచింది.

"ముట్టుకోకే, సీసం!" అని అరిచాడు బావ.

అక్క పునుగుల్ని చూసింది, పెనాన్ని చూసింది, కప్పును చూసింది. చివరికి నన్ను చూసింది. "ఇందులో ఇక వండుకోవచ్చా?"

"వద్దక్కా. సీసం విషం. ఎంత కడిగినా అంతే."

"పోసేముందు గుర్తు రాలేదట్రా?"

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. గోళ్ల రంగు తెచ్చి పెనం కాడ మీద ఎర్రగా పెద్ద ఇంటూ మార్కు వేసింది. "రేపు చేప లేకుండా ఇంటికి రాకండి. అమ్మ పెనం ఊరికే పోయిందనిపించకండి," అంది.

మర్నాడు మా గుండు పడ్డచోటే కూర్చుంది. చేపలు మాత్రం మమ్మల్ని గౌరవించి దూరంగా ఉన్నాయి. ఎండ నడినెత్తికొచ్చి, ఇంటికి ఏ ముఖంతో వెళ్లాలా అని ఆలోచిస్తుండగా బావ గాలం వంగింది. "యల్లా బావా, లాగు!" అని గెంతాను. "అరవకోయ్, అది బెదిరిపోతుంది!" అని ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. వచ్చిన చేప అరచేతికంటే కాస్త పెద్దది. దాన్ని ఇద్దరం మోసుకొచ్చాం.

అక్క దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి గోడకు ఆనుకుని కూలబడిపోయింది. దాన్నే ముగ్గురికీ వేయించి పెట్టింది. తలకాయ బావకు. గాలాలు సంతకు పోలేదు.

బావ ఉద్యోగం ముగించుకుని విజయవాడ వెళ్లిపోయేటప్పుడు అక్క ఆ పెనాన్ని పాత చీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. "అమ్మ ఆస్తిలో నీ వాటా ఇది. వండుకోకు," అంది. ఇప్పుడది ఇక్కడే, పక్క ఊరు మంగఫ్‌లో నా బాల్కనీలో ఉంది, కాడ మీద ఎరుపు ఇంకా పోలేదు. చలికాలం వస్తే అందులో గుండ్లు పోస్తుంటాను. (ఇసుక జోలికి పోను.) శుక్రవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేస్తాడు.

"ఏవోయ్, ఏమైనా పడిందా?"

"లేదు బావా. గుండు మాత్రం కదల్లేదు."

వెనక నుంచి అక్క నవ్వు వినిపిస్తుంది. చేప పడిన రోజున కూడా, ఆ నవ్వు కోసం, పడలేదనే చెబుతుంటాను.