ముందు నడిచే అక్కమ్మ

తిరుచానూరు అమ్మవారి గుడి వీధిలో పూలమ్ముకునే అక్కమ్మ ఒక మనిషి మీద మూడు నెలలు కన్నేసి ఉంచింది. ఆ మనిషికి చీమంత అనుమానం కూడా రాలేదు. పోలీసు జవానుల వల్ల కూడా కాని పని ఇదని చిత్తూరు వకీలు రాజారత్నం ఇప్పటికీ అబ్బురపడతాడు.

పని అప్పగించింది ఆయనే. ఏర్పేడు దగ్గర భూములున్న చెంగల్రాయుడు భార్య ఆదిలక్ష్మమ్మను ఇంట్లోంచి గెంటేశాడు. మొగుడు మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భార్య వేరుగా ఉండి పోషణకు మనోవర్తి అడగవచ్చని పందొమ్మిది వందల నలభై ఆరులో చట్టం వచ్చింది. రాయుడు తిరుచానూరులో మళ్లీ పెళ్లి చేసుకున్నాడని వినికిడి, కానీ ఆ పెళ్లికి రుజువు కావాలి. "నాకు రెండో పెళ్లా? తిరుచానూరు సందుల్లో కాలే పెట్టలేదు" అని రాయుడు కోర్టులో ప్రమాణం చేశాడు. రుజువు దొరక్కపోతే ఆదిలక్ష్మమ్మకు అన్న ఇంటి వసారాలో చాపే గతి.

"మగోళ్లని పంపితే పసిగడతాడు అక్కమ్మా" అన్నాడు వకీలు.

"మగోళ్లు ఎనకాల పోతారు సామీ. నేను ముందు పోతాను. ముందు పొయ్యేదాన్ని ఎవురు అనుమానిస్తారు?"

ఇరవై ఏళ్ల కిందట అక్కమ్మనూ మొగుడు ఇలాగే గెంటేశాడు. అప్పుడు చట్టం లేదు. ఉన్నా, పూలమ్మేదాని కోసం ఏ వకీలు కదిలేవాడు?

వకీలు దూరం నుంచి చూపిస్తే, రాయుడు బస్సు దిగి ఏ సందులోకి తిరుగుతాడో చూసుకుంది. మరో వారం అతనికంటే ముందే ఆ సందులో గంప దించి కూర్చుంది. ఆపై వారం ఇంకో మలుపులో. అలా మలుపు మలుపుకీ ముందుకు జరిగి, చివరికి అతని ఇంటి అరుగు మీదే పూలు మూర వేసింది. ఆ ఇంట్లో ఉండే మునిలక్ష్మి మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది.

"మా ఇంటాయన వస్తాడు ఈపొద్దు. ఇంకో మూర వెయ్యి" అంది ఆ పిల్ల మురిసిపోతూ.

పెళ్లి చేసిన పురోహితుణ్ణి కూడా అక్కమ్మ కబుర్లలోనే పట్టేసింది. అయితే ఆయనకు చూపు ఆనదు. ఎరిగిన పిల్ల కాబట్టి పెళ్లికూతురెవరో చెప్పగలడు గానీ పెళ్లికొడుకును గుర్తుపట్టలేడు. బోనెక్కాల్సింది అక్కమ్మే.

విచారణ రోజు వచ్చింది. రాయుడు ముందురోజే కొండకు పోయి తలా మీసమూ ఇచ్చేసి వచ్చాడు. పక్కన అతను వెంట తెచ్చుకున్న మరో నలుగురు గుండువాళ్లు. అందరివీ ఒకే తీరు తెల్ల పంచెలు.

"ఏమ్మే, నువ్వు చూసిన మనిషి వీళ్లలో ఎవడు?" అన్నాడు రాయుడి వకీలు.

అక్కమ్మ ఐదుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. రాయుడి ముఖాన్ని ఆమె తేరిపార చూసిందెప్పుడు? నేల మీద కూర్చున్న ఆడదానికి లోకం మోకాళ్ల దాకానే కనిపిస్తుంది.

"మూర వేసి సూడవే!" అన్నాడెవరో వెనక బెంచీలో. కోర్టు గొల్లుమంది.

"దొరా" అంది అక్కమ్మ తీర్పు చెప్పే మున్సబుతో, "ఈళ్లని తలుపుకాడ్నించి ఈడిదాకా నడిపిచ్చండి."

రాయుడి వకీలు అడ్డుపడ్డాడు. మున్సబు వినలేదు. ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు నడిచారు. మూడో మనిషి నాలుగడుగులు వేశాడో లేదో ఆమె చెయ్యెత్తింది.

"ఈయప్పే! కుడి మడమ నేలకి ఆనదు. బొటనేలితో నేల గీస్తా నడుస్తాడు. తల గొరిగిచ్చుకున్నాడు సరే, నడక యాడ గొరిగిచ్చుకుంటాడు దొరా?"

మున్సబు అతన్ని మళ్లీ నడవమన్నాడు. ఈసారి సరిగ్గా నడవబోయి రాయుడు తూలి బల్ల పట్టుకున్నాడు. చదువుకున్నవాళ్లంతా ముఖాలు చూస్తున్న చోట, బడి ముఖమెరగని ఆమె కాళ్లను చదివింది. తీర్పులో మాత్రం ఆమె పేరు లేదు. 'వాది తరఫు రెండో సాక్షి' అని రాశారంతే.

ఆదిలక్ష్మమ్మకు మనోవర్తి, ఉండడానికి వేరే ఇల్లు వచ్చాయి. కోర్టు మెట్ల మీద ఆమె అక్కమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కమ్మా, ఆడ తిరుచానూరింట్లో ఆయన నవ్వేవాడా?"

"నవ్వేవాడమ్మా."

"పద్నాలుగేండ్లు కాపురం చేసినా, నేను ఒక్కనాడూ ఇన్లేదు."

ఆదిలక్ష్మమ్మ కొంగు నడుముకు బిగించింది.

"సరే, పా. కోర్టు ఇప్పిచ్చిన ఆ ఇల్లు తెరిసి సూస్తాము. పొయ్యి యాడ పెట్టాల్నో నువ్వే సెప్పు."