పాదాలు ముట్టి చూసే పెద్దక్క

నెల కిందట గుండెల్లో కాస్త బరువుగా అనిపిస్తే మా కోడలు నన్ను వనపర్తిలో దవాఖానకు తీసుకుపోయింది. గుమ్మంలోనే ఒక నర్సమ్మ నా వేలికి క్లిప్పు తగిలించి, నాలుగు ప్రశ్నలడిగి, చేతికి పసుపు పట్టీ కట్టింది. ఎర్ర పట్టీ వాళ్లు ముందు లోపలికి, మేము తర్వాత. నేనూ ఒకప్పుడు నర్సునే కదా, ఆ పట్టీ చూస్తూ కూర్చుంటే మా పెద్దక్క గుర్తొచ్చింది.

పెద్దక్క అంటే నేను కొత్తగా చేరిన దవాఖానలో హెడ్ నర్సు. యంత్రాలేవీ లేకుండా, వచ్చిన ప్రతి మనిషి పాదాలూ చేత్తో పట్టుకుని, ఎవరిని ముందు చూడాలో ఎవరు ఆగవచ్చో చెప్పేసేది. అంతటితో వదిలేదా, నెల తర్వాత ఆ ఊరివాళ్లు ఎవరు కనబడినా ఆ రోగి తింటున్నాడా, చేనుకు పోతున్నాడా అని ఆరా తీసేది, తన చెయ్యి చెప్పింది నిజమైందో లేదో తేల్చుకోవాలి మరి. చాలాసార్లు నిజమే అయ్యేది. తప్పినప్పుడు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

ఒకసారి వేరుశనగ పీకే రోజుల్లో కోడేరు వైపు నుంచి తేలు కుట్టిన ఇద్దరిని ఒకే జీపులో తెచ్చారు. రైతు ఒకాయన దవాఖాన దద్దరిల్లేలా అరుస్తున్నాడు. ఆయన చేనులోకే కూలికి వచ్చిన ఆమె మాత్రం చెమటతో తడిసి, గోడకానుకుని ఊరికే కూర్చుంది. నేను వంగబోతే పాదాలు చీర కిందికి లాక్కుంది.

"వద్దు బిడ్డా, మట్టికాళ్లు, నువ్వు ముట్టద్దు. నాకేం గాలే, జర గాయన్ను సూడు."

పెద్దామెను సిగ్గుపెట్టడం ఎందుకని నేను రైతు వైపు నడిచాను. పెద్దక్క వచ్చి నేలమీద కూర్చుని, ఆమె వద్దంటున్నా ఆ మట్టిపాదాలు ఒళ్లోకి తీసుకుంది. మరుక్షణం డాక్టరుగారి కోసం కేక వేసి, నన్ను కూడా పట్టి చూడమంది. నీళ్లకుండ అడుగులా చల్లగా ఉన్నాయి. విషం గుండెకెక్కిందట. రైతు మర్నాడే ఇంటికి పోయాడు, ఆమె వారం రోజులు చావుబతుకుల మధ్య ఉండి బతికింది. నెల తర్వాత పెద్దక్క నన్ను బస్సెక్కించి, ఆమెను చూసి రమ్మంది. పోయేసరికి చేనులో కలుపు తీస్తోంది. మళ్లీ కాళ్లు వెనక్కి లాక్కుంది కానీ ఈసారి నేను వదల్లేదు. వెచ్చగా ఉన్నాయి. అక్కడే గట్టుమీద కూర్చుని ఏడ్చేశాను.

పెద్దక్క జీవితమంతా నేర్చుకున్నది ఈ నర్సమ్మ క్లిప్పు పెట్టి నిమిషంలో చేసింది, అదీ నాకు అబ్బురమే. పసుపు పట్టీ నిజమే చెప్పింది, మర్నాడే ఇంటికొచ్చాను. నెల గడిచింది. నేను తింటున్నానో లేదో ఎవరూ అడగలేదు. నిన్న నేనే వంగి నా పాదాలు పట్టి చూసుకున్నాను. చల్లగా ఉన్నది కాళ్లో, చేతులో నాకు తెలియలేదు.