కడిగిన రియాక్టర్

కరోనా తర్వాత ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాది, హైటెక్ సిటీలోని మా ఇంజినీరింగ్ సంస్థలో నాకొక పాలిమర్ రియాక్టర్ పని అప్పగించారు. అప్పుడు నా హోదా ప్రిన్సిపల్ ఇంజినీర్. అంటే లెక్కలు ఇతరులు చేస్తారు, సంతకం నేను పెడతాను. ఏదైనా పేలితే పిలుపు కూడా నాకే వస్తుంది.

ఆ రియాక్టర్ నగర శివారులో, రంగులకు వాడే రెజిన్ తయారుచేసే కర్మాగారంలో ఉంది. మోనోమర్ అనే ద్రవాన్ని కొద్దికొద్దిగా వదులుతుంటే అది పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది. చుట్టూ ఉన్న జాకెట్‌లో పారే చల్లని నీరు ఆ వేడిని లాగేస్తుంది. పుట్టే వేడి పోయే వేడిని మించితే ఉష్ణోగ్రత పెరుగుతుంది, దాంతో చర్య వేగం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత ఇంజినీర్లకు చేయడానికి పనేమీ ఉండదు. ఉత్పత్తి కోసం మోనోమర్‌ను మరింత వేగంగా వదలవచ్చా అన్నది యాజమాన్యం ప్రశ్న. వదలవచ్చని మేం రాసిస్తే, షిఫ్టులో దాని పక్కన పనిచేసేవాళ్ళ ప్రాణాలు మా మాట మీద ఉంటాయి.

లెక్కల నమూనా మార్త చేసింది. భీమవరం అమ్మాయి, హఫీజ్‌పేట్‌లో ఉండేది, పనిలో గట్టిది. కర్మాగారంలో కొలిచి తెచ్చిన ఉష్ణోగ్రతలూ నమూనా చెప్పినవీ తెరమీద ఒకే గీతగా కలిశాయి. వేగం పెంచినా ఫరవాలేదని తేలింది. నాకది నచ్చలేదు. దాదాపు నా సర్వీసంత వయసున్న రియాక్టర్, పుస్తకంలోని కొత్తదానిలా వేడిని వదులుతోంది.

“కలిసినా తప్పేనా అండీ?” అంది మార్త.

ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరికి ఫోన్ చేశాను. మేం ఆయన్ని అడిగింది థర్మామీటర్లు సరిచూసి ఉంచమని మాత్రమే. ఆయన చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం.

“మీరొస్తున్నరని రియాక్టర్ బంద్ పెట్టి లోపలంత మంచిగ కడిగించిన సార్. బయటోళ్ళ ముంగట ఇజ్జత్ పోవద్దు గద” అన్నాడు.

పాలగిన్నెకు అడుగంటినట్టు, ఈ రియాక్టర్ల లోపలి గోడకు పాలిమర్ పొరకడుతుంది. పొర మందమయ్యేకొద్దీ వేడి జాకెట్ దాకా చేరదు. మేం కొలిచింది చుట్టాల కోసం ముస్తాబైన రియాక్టర్‌ని. సంతకం పెట్టనన్నాను. “కడుక్కునేది వాళ్ళ పని గదా సార్, మనకెందుకు?” అన్నాడు మా బిజినెస్ హెడ్ ప్రతాప్. ఆయనది కడప, మాట సూటి.

ఈసారి కడగవద్దని చెప్పి, పొర మళ్ళీ కట్టేదాకా కొన్నాళ్ళు ఆగి వెళ్ళాం. “గలీజుగ ఉన్నది ఎట్ల చూపెట్టాలె సార్?” అని యాదగిరి నిజంగానే బాధపడ్డాడు. పాత వేగంతోనే మోనోమర్ ఫీడ్ మొదలుపెట్టారు. సగం అయ్యేసరికి చల్లనినీటి వాల్వ్ పూర్తిగా తెరుచుకుంది. ఇక చల్లబరచడానికి మిగిలిందేమీ లేదు, ఉష్ణోగ్రత మాత్రం ఎక్కుతూనే ఉంది. నాకు భయం వేసింది. ఫీడ్ ఆపమని యాదగిరే చెప్పాడు. అంకె కాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగింది.

“గీ స్పీడుకే గిట్లుంటే, పెంచితే ఏమైతుండె సార్?” అన్నాడు.

కొత్త కొలతలతో, పెంచిన వేగానికి లెక్క వేసి మార్త లాప్‌టాప్‌లో చూపించింది. గీత పైకే పోయింది, దిగలేదు. ఆయన చూసి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

వేగం పెంచవద్దనీ, వాల్వ్ ఒక హద్దు దాటి తెరుచుకుంటే ఫీడ్ దానంతటదే తగ్గే ఏర్పాటు చేయాలనీ, తరచూ కడగాలనీ రిపోర్టు ఇచ్చాం. ప్రతాప్ కొన్నాళ్ళపాటు నాతో ట్రాఫిక్ గురించి మాత్రమే మాట్లాడాడు.

కబురుపెట్టి వెళ్ళిన చోట మనం కొలిచేది చాలావరకు వాళ్ళ మర్యాదనే. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి నమూనాకూ నా మొదటి ప్రశ్న, కొలిచిన రియాక్టర్‌ని చివరిసారి కడిగింది ఎప్పుడు అని. మీరొస్తున్నారని నిన్ననే కడిగాం అంటే, టీ తాగి, కొలవకుండా వచ్చేసేవాణ్ణి.