తలకిందులైన ఎక్స్‌రే

దెయ్యాలను నేను నమ్మలేదు, నమ్మను. ఉన్నాయనేవాళ్లతో సభల్లో వాదించాను, బంధువుల పెళ్లిళ్లలో వాదించి భోజనం చల్లారబెట్టుకున్నాను. మెత్తబడి ఇది రాస్తున్నాననుకోవద్దు. నాకు అర్థంకానిది ఒకటి జరిగితే దాన్ని దాచిపెట్టడం హేతువాదం అనిపించుకోదు. అందుకే రాస్తున్నాను.

సందుకొక సాఫ్ట్‌వేర్ కోర్సు బోర్డు వెలుస్తున్న రోజులవి. సికింద్రాబాద్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌కు మా బేగంపేట ఆఫీసు ప్రోగ్రాం చేసిచ్చింది. రాసింది నేనే. ఫిల్ములు వెతికి లైటు పెట్టెకు తగిలించే బాధ లేకుండా, రోగి పాత ఎక్స్‌రే ఎడమన, కొత్తది కుడిన, నిటారుగా కంప్యూటర్ తెరమీదికి వస్తాయి. డాక్టరు చూసి రిపోర్టు చెబితే చాలు.

అక్కడి పెద్ద డాక్టరు నరహరి గారికి ఇది నచ్చలేదు. ఛాతీ ఫిల్మును ఆయన ఒకసారి మామూలుగా చూసి, తర్వాత తలకిందులుగా తగిలించి మళ్లీ చూసేవారు.

"నిటారుగ ఉంటే అలవాటుకొద్ది కన్ను జారిపోతది బాబూ. తిప్పితే ఆగి చూస్తది."

టైం దండగ అని నేను వాదించాను. తిప్పే సదుపాయం పెట్టలేదు. వాదన తేలకముందే ఆయన గుండెపోటుతో పోయారు.

ఆయన స్థానంలో డాక్టర్ సుజాత వచ్చారు. ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని ప్రోగ్రాం పనితీరు చూస్తున్నాను. బన్సీలాల్‌పేటలో బ్లౌజులు కుట్టుకునే అనసూయమ్మ దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయించుకుంది. సుజాత గారు అంతా చూసి, ఏమీ లేదని చెప్పబోతున్నారు. ఎవరూ ముట్టుకోకుండానే చిత్రం తలకిందులైంది.

ఆవిడ ఆగి చూశారు. కాలర్‌బోన్ నీడ వెనక, ఊపిరితిత్తి కొసన, చిన్న మచ్చ.

అది కేన్సర్ గడ్డ. చిన్నదిగా ఉండగానే ఆపరేషన్ చేసి తీసేశారు. అనసూయమ్మ మళ్లీ కుట్టు మిషన్ ముందు కూర్చుంది.

టెక్నీషియన్ యాదగిరి నరహరి గారి ఫొటో తెచ్చి కంప్యూటర్ మీద పెట్టి దండ వేశాడు.

"గిప్పుడన్న నమ్ముతరా సార్? మా పెద్దసారే తిప్పిండు."

"మీ పెద్దసారుకి మౌస్ పట్టుకోవడమే రాదు కదయ్యా!"

"పోయినంక నేర్చుకున్నడేమో!"

అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాత ప్రోగ్రాం మొత్తం విప్పి చూశాను. అడ్డంగా వచ్చినదాన్ని నిలబెట్టే ఆదేశం ఉంది, కానీ అది చిత్రం తెరమీదికి రాకముందే పనిచేస్తుంది. తెరమీద ఉన్నదాన్ని తిప్పే ఆదేశం ఎక్కడా లేదు. అదే ఎక్స్‌రేను అదే కంప్యూటర్‌లో ఎన్నిసార్లు పెట్టినా నిటారుగానే నిలబడింది. నా తప్పు పట్టుకోమని ఒక స్నేహితుణ్ణి పిలిచాను. అతనికీ దొరకలేదు.

సెంటర్ యజమాని పూజ చేయిద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. రేపు ఇంకో రోగి ఎక్స్‌రే తిరగకపోతే? పెద్దసారు అలిగారని సరిపెట్టుకుంటామా? ఒక మనిషి ప్రాణాన్ని దెయ్యం దయకు వదిలేస్తామా?

పూజ జరగనివ్వలేదు. ప్రోగ్రాం మార్చాను. ఛాతీ ఎక్స్‌రేను తలకిందులుగా ఒకసారి చూస్తేగానీ ఇక రిపోర్టు ముందుకు కదలదు. నరహరి గారితో వాదనలో నేను ఓడిపోయాను. ఓడించింది ఆయన మాట, ఆయన దెయ్యం కాదు.

మరి ఆ మధ్యాహ్నం చిత్రాన్ని తిప్పిందెవరు? తెలియదు. ఇన్నేళ్ల తర్వాతా తెలియదు. తెలియదన్న చోట ఖాళీ ఉంటే ఉండనిస్తాను. దానికి దండ మాత్రం వేయను.